మా గుట్ట రోడ్డు, నిండు బిందెలు

ఆదివారం సాయంత్రమైతే మా రోడ్డుకు జనం వస్తారు. కింద ఆదోని ఊళ్ళోనుంచే కాదు, ఎమ్మిగనూరు నుంచి, కోడుమూరు నుంచి కూడా మోటారు సైకిళ్ళ మీద వస్తారు. వచ్చి, మలుపు దగ్గర స్టీలు కమ్మీలకు ఆనుకుని, ఫోను పట్టుకున్న చెయ్యి చాచి, తల ఒక పక్కకు వాల్చి ఫోటోలు దిగుతారు. వాళ్ళ వెనక ఊరంతా పడుతుంది. జిన్నింగు మిల్లుల రేకుల కప్పులు, మార్కెట్ యార్డులో పత్తి కుప్పలు, మసీదు మినారు, గుడి గోపురం, అన్నిటికీ అవతల రైలు పట్టాలు. మా ఇల్లు కూడా ఒక మూల పడుతుంది గానీ దాన్ని కత్తిరించేస్తారు. మా వాకిట్లో ఆరేసిన చీరలు సీనరీకి అడ్డమట. ఒకామె అడగనే అడిగింది, "అక్కా, ఆ చీరలు రెండు నిమిషాలు తీస్తావా?" అని. తీయనన్నాను. పోతూ పోతూ "మీరెంత అదృష్టవంతులో, దినామూ ఇవన్నీ చూస్తాంటారు" అని దీవించి పోయింది. దూరపు కొండలు నునుపు అన్నవాళ్ళెవరో మా రోడ్డులో కొన్నాళ్ళు కాపురం చేసి ఉంటారని నాకు గట్టి నమ్మకం.

నేను ఈ రోడ్డుకు కోడలిగా వచ్చాను. ఇప్పుడు నా జుట్టు సగం నెరిసింది. ఎక్కినప్పుడల్లా చంకన బిందెతోనే ఎక్కాను. నిండు బిందెతో ఎత్తు ఎక్కే మనిషికి కనపడేది కాళ్ళ ముందున్న జానెడు నేల. సీనరీ అనేది చేతులూపుకుంటూ దిగేవాళ్ళకు.

మా రోడ్డు చరిత్ర తెలుసుకోవాలంటే మాత్రం మా రోడ్డు మగవాళ్ళనే అడగాలి. పొద్దు వాలగానే మలుపు దగ్గరి బండ మీద వరసగా చేరతారు. వాళ్ళలో అందరికన్నా పెద్దాయన ఒకాయన, మిల్లులో పత్తి బేళ్ళు కట్టించి రిటైరయిన మనిషి, కొత్త మనిషి కనపడితే చాలు మొదలుపెడతాడు.

"ఇది రాజులు ఏయించిన బాటప్పా. పైన కోటకు ఏనుగులు ఈ దావనే పోయినాయి."

నేను కింద ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు సోషల్ చెప్తాను. చరిత్ర అంటే ఊరికే వదలబుద్ధి కాదు. ఒకరోజు బిందె దించుకుని అడిగాను.

"ఆ ఏనుగులు నీళ్ళు యాడ తాగినాయి మామా?"

ఆయన నా వైపు, నా బిందె వైపు చూసి, "నీదంతా ఎడ్డెమంటే తెడ్డెం" అన్నాడు. బండ మీది చరిత్రకారులంతా అవునన్నారు. అంతటితో ఆ అధ్యాయం ముగిసింది.

మా అత్త చెప్పే చరిత్ర వేరు. "ఏనుగులూ లేవు గీనుగులూ లేవు. కరువులో జనం సచ్చిపోతాంటే, కూలికి జొన్నలిచ్చి రాళ్ళు కొట్టించినారు. మా జేజి కొట్టింది ఈడ. పైకి పోయేదానికి రోడ్డేసినారు గానీ పైన ఏముండాదని ఎవురూ అడగలేదు" అనేది. నాకు ఈ కథే నిజమనిపిస్తుంది. ఎందుకంటే రాళ్ళు కొట్టిన జేజమ్మ గురించి గొప్పలు చెప్పుకుని ఎవరికీ లాభం లేదు. తర్వాత మిల్లులు వచ్చాయి, మిల్లు పనివాళ్ళు వచ్చారు. కింద జాగా దొరకనివాళ్ళంతా బండల సందుల్లో ఇళ్ళు కట్టుకున్నారు. మా వంటింటి వెనక గోడ గోడ కాదు, గుట్ట. ఎండాకాలం దాని మీద రొట్టె కాల్చుకోవచ్చు. ఇళ్ళు పైకెక్కాయి, కరెంటు పైకెక్కింది, కేబులు టీవీ కూడా ఎక్కింది. నీళ్ళు మాత్రం ఎక్కలేదు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మా రోడ్డుకు ఆ రెండు ముక్కలూ కొలతలు తీసి కుట్టినట్టు సరిపోతాయి.

కింద మలుపులో ఒక వీధి కొళాయి. అది కూడా మున్సిపాలిటీవాళ్ళు వదిలినరోజే వస్తుంది. దాంతో చాలకపోతే సగం దాకా ఎక్కి వచ్చే ట్యాంకరు. ఇంతే మా గంగ. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియకూడనివాళ్ళు ఒక్కరే, మా రోడ్డుకు పిల్లనిచ్చేవాళ్ళు. అందుకని మా రోడ్డు ఒక ఆచారం కనిపెట్టుకుంది. దాని పేరు ఇల్లు నింపడం.

అదెట్లా జరుగుతుందో నాకు మొదట తెలియలేదు, నా మీదనే జరిగింది కాబట్టి. మాది ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇల్లు. డబ్బు లేదు గానీ వీధిలో చేతిపంపు ఉండేది. నాకు సంబంధం కుదిర్చేటప్పుడు మా నాయనది ఒకటే పట్టు, "నా బిడ్డ నీళ్ళకు అల్లాడకూడదు" అని. అందుకే ఆయనా, మా చిన్నాయనా ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. వాకిలి నుంచి వంటింటి దాకా వరసగా ఇత్తడి బిందెలు, స్టీలు బిందెలు, తొణికిసలాడుతున్నాయట. డ్రమ్ము అంచుదాకా ఉందట. దొడ్లో తొట్టి పొర్లుతోందట. కాళ్ళు కడుక్కోవడానికి మా అత్త చెంబు నింపి ఇచ్చి, అది అయిపోకముందే ఇంకొక చెంబు పట్టుకుని నిలబడిందట. మా నాయన ఇంటికి వచ్చి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, "గుట్ట మీద గంగమ్మ కాపురముండాది. పిల్ల సుఖపడతాది" అన్నాడు.

పెళ్ళయి వచ్చిన రెండో పొద్దున లేచి చూస్తే ఇంట్లో రెండు బిందెలు, మూత కట్టేసిన ఒక డ్రమ్ము.

"అత్తా, ఆ బిందెలన్నీ యాడికి పోయినాయి?" అన్నాను.

"అవి రోడ్డువి. వచ్చినాయి, పోయినాయి."

"మా నాయనకు సూపించినారు కదా!"

"పెండ్లికి షామియానా ఏస్తారు. పెండ్లయినాక దాన్ని ఇంట్లోనే పెట్టుకుంటారా?"

ఆమె ముఖంలో సిగ్గు గానీ జంకు గానీ మచ్చుకు కూడా లేవు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చేతిలో ఉన్న చెంబు బండకేసి కొట్టాను. ఆమె దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "సొట్ట పడింది. ఇంక దీంట్లో తక్కువ పడతాయి. నీకే ఇబ్బంది" అని నా చేతిలో పెట్టింది. అదే నాకు అత్తింట్లో మొదటి పాఠం.

తర్వాత్తర్వాత నేనే అందులో ఆరితేరాను. ఎవరి ఇంటికైనా చూసేవాళ్ళు వస్తున్నారంటే ముందురోజు సాయంత్రమే మాట ఇంటింటికీ పాకుతుంది. చీకటి పడకముందే తలా ఒక బిందె. ప్రతి బిందె మీదా ఎవరి పేరు వాళ్ళు చెక్కించుకుని ఉంటారు కాబట్టి పేరున్న వైపు గోడకు తిప్పాలి. చూసేవాళ్ళలో చదువుకున్నవాళ్ళు ఉంటారు మరి. మా ఎదురింటి బీబమ్మ వంటింట్లో కూర్చుని చెంబు చెంబుకూ కాపలా కాస్తుంది. ఆ రోజు ఆ ఇంట్లో దాహమేసినవాళ్ళు పక్కింటికి పోయి తాగాలి. చూసేవాళ్ళు తిరిగి పోతూ మలుపు దాటారో లేదో, ఎవరి బిందె వాళ్ళది.

మా రోడ్డులో జగడాలు లేవని కాదు. ఉమ్మడి గోడ కోసం కోర్టు మెట్లెక్కిన రెండిళ్ళవాళ్ళు ఇప్పటికీ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. అయినా ఇల్లు నింపే రోజు ఈ ఇంటి బిందె ఆ ఇంటికి పోయేది. కొళాయి దగ్గర ఎవరి కులం ఎవరిదో ఒక్క పూట కూడా మరచిపోనివాళ్ళు, చిట్టచివర ఉండే కిరస్తానం కూలీల ఇంటి నుంచి కూడా బిందె తెచ్చుకునేవాళ్ళు. ఆ నీళ్ళు వచ్చినవాళ్ళ కాళ్ళకు కదా, తమ గొంతుకు కాదు కదా. ఐకమత్యం గురించి బడిలో పాఠం చెప్పేటప్పుడల్లా నాకు ఇదే గుర్తొచ్చి నవ్వొస్తుంది.

అట్లా మా రోడ్డుకు కోడళ్ళు వస్తూనే ఉన్నారు. ప్రతి కోడలూ రెండో పొద్దున అదే ప్రశ్న అడిగింది, ప్రతి అత్తా ఏదో ఒక జవాబు చెప్పింది. పెళ్ళయినాక పిల్ల తిరిగిపోదని మా ధీమా. నిజమే, ఎవరూ పోలేదు. ఎక్కడికి పోతారు?

ఇట్లా జరిగిపోతుండగా ఒక పెద్ద నాయకుడు మా రోడ్డుకు వస్తాడని కబురు వచ్చింది. నడిచి వస్తాడట. జనం కష్టాలు స్వయంగా అడిగి తెలుసుకుంటాడట. ముందురోజు మా వాకిట్లోనే అందరం కూర్చున్నాం. ఏం అడగాలన్న దాంట్లో రెండో మాటే లేదు. గుట్ట మీద ఒక ట్యాంకు, కింద నుంచి ఎక్కించే మోటారు, ఇంటింటికీ కొళాయి. అంతా ఒప్పుకున్నాక మా అత్త అంది.

"అంత పెద్ద మనిషి వస్తాంటే రోడ్డు నింపకుంటే ఎట్ల?"

ఎవరన్నా నవ్వుతారేమోనని చూశాను. ఎవరూ నవ్వలేదు. "అవునవును, పరువు పోతాది" అన్నారు. నీళ్ళు లేవని ఎవరికి మొరపెట్టుకోవాలో ఆ మనిషికే నీళ్ళు చూపించాలని తీర్మానించిన జనం ప్రపంచంలో మేము తప్ప ఇంకొకరు ఉండరు. ఆ రోజు వచ్చిన ట్యాంకరులో నీళ్ళు సగం ఇళ్ళకు, సగం రోడ్డుకు. ఆయన తెల్లబట్టలకు దుమ్ము అంటకుండా కింద మలుపు నుంచి మా ఇంటి దాకా కళ్ళాపి చల్లాం. కళ్ళాపి మీద ముగ్గులు. ప్రతి గడపలో నిండు బిందె, బిందెకు పసుపు, పైన మామిడాకులు. రెండు పక్కలా ఆడవాళ్ళం పూర్ణకుంభాలు పట్టుకుని నిలబడ్డాం. నేనూ నిలబడ్డాను, పట్టుచీర కట్టుకుని మరీ.

ఆయన వచ్చాడు. తడిసిన రోడ్డు ఎండకు మెరుస్తోంది. చెప్పులు తడవకుండా పంచె ఎత్తి పట్టుకుని మెల్లగా ఎక్కాడు.

"ఏమప్పా, ఏం కావల్ల మీకు?" అని అడిగాడు.

ఏనుగుల పెద్దాయనే ముందుకొచ్చి చేతులు కట్టుకుని, "నీళ్ళకు కొంచెం ఇబ్బందిగా..." అన్నాడు.

నాయకుడు మా బిందెల వరసను ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చూసి గట్టిగా నవ్వాడు. "ఇంకా నీళ్ళా! కింద పేటల్లో జనం తాగేదానికి లేక అల్లాడుతాండారు. మీరు రోడ్డు మీద సల్లుకుంటాండారు. మీకేమప్పా, మారాజులు!"

మారాజులమంతా నవ్వాము. ఇవి చూపించడానికి నింపిన బిందెలని, ఆ చల్లినవి మా వారం రోజుల తాగునీళ్ళని ఒక్కరూ నోరు విప్పలేదు. నేను విప్పబోయాను. మా అత్త నా కాలు తొక్కింది. ఆయన అటు తిరిగి, కిందున్న ఊరిని చూసి, "ఏం సీనరీ అప్పా ఇది!" అన్నాడు. పక్కనున్నవాళ్ళంతా "సీనరీ, సీనరీ" అన్నారు. అట్లా మాకు సీనరీ మంజూరైంది.

అడిగినవి రావడానికి ఏళ్ళు పడతాయి గానీ, అడగనివి ఎంత తొందరగా వస్తాయో అప్పుడు చూశాను. ఎర్ర టైల్సు వచ్చాయి. స్టీలు కమ్మీలు వచ్చాయి. చెట్లు లేవు కాబట్టి సిమెంటు చెట్లు వచ్చాయి. రాత్రిపూట రంగులు మారే దీపాలు వచ్చాయి. మలుపులో ఒక తొట్టి కట్టి, అందులో రెండు సిమెంటు కొంగలను నిలబెట్టారు. వాటి ముక్కుల్లోంచి నీళ్ళు చిమ్ముతాయన్నారు. అవి ఆ రోజు నుంచి నోళ్ళు తెరుచుకుని చూస్తూనే ఉన్నాయి, మాలాగే. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. కింద, రోడ్డు మొదట్లో, స్వాగతం అని రాసిన పెద్ద ఆర్చి కట్టారు. రోడ్డు పేరు కూడా మార్చి వ్యూ రోడ్డు అని రాశారు. మా ఆయనకు ఆర్చి తెగ నచ్చింది. రోజూ దాని కిందనుంచి జిన్నింగు మిల్లుకు పోతుంటే పెళ్ళికొడుకునైనట్టు ఉంటుందట.

ఆర్చి కట్టాక మొదటిసారి ట్యాంకరు వచ్చింది. ఆర్చి ముందు ఆగింది. డ్రైవరు దిగి ఆర్చిని చూశాడు, ట్యాంకరును చూశాడు, మళ్ళీ ఆర్చిని చూశాడు. స్వాగతం అన్న అక్షరాలు ట్యాంకరు మూతకన్నా మూరెడు కిందికి ఉన్నాయి.

"ఇదేందన్నా, పైకి రావా?" అని అరిచాం పైనుంచి.

"ఎట్ల వస్తానక్కా? ఆర్చికి తగిలితే నా మీద కేసు పెడతారు" అని బండి వెనక్కి తిప్పుకున్నాడు. అదే చివర.

టైల్సు సంగతి మా అత్తకు తెలిసింది. అంతకుముందు గరుకు సిమెంటు మీద తడి కాళ్ళతో ఎన్నేళ్ళు ఎక్కిందో. కొత్త టైల్సు మీద నాలుగడుగులు వేసిందో లేదో, బిందె ఒక పక్క, ఆమె ఒక పక్క పడ్డారు. తుంటి విరిగింది. మంచం పట్టింది. చూడడానికి వచ్చినవాళ్ళందరి ముందూ, నొప్పితో మూలుగుతూనే, "వచ్చినోళ్ళకు నీళ్ళిచ్చినావా?" అని నన్ను అడిగేది. ఆ ఏడాది తిరగకముందే పోయింది. ఆమె మీద నాకు చాలా కోపం ఉండేది, ఇప్పటికీ ఉంది. ఆమె పడిన చోట నిలబడి మూతులు సున్నాలా చుట్టి ఫోటోలు దిగేవాళ్ళను చూస్తే ఇంకా ఎక్కువ కోపం వస్తుంది.

ట్యాంకరు ఆగిపోయాక మా ఆచారమూ కుంటుపడింది. రోడ్డంతా కలిసి గీరినా ఒక ఇల్లు నిండదు. నిండని ఇల్లు చూసి పోయినవాళ్ళు పది ఊళ్ళలో చెప్పారు. "గుట్ట రోడ్డా? వద్దులే" అనే మాట పెళ్ళిళ్ళ పేరయ్యల నోట్లో స్థిరపడింది. సరిగ్గా అప్పుడే మా కొడుకు పెళ్ళికి ఎదిగాడు.

మా వాడు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. తాగుడు లేదు, తిరుగుడు లేదు. మా రోడ్డును వీడియోలు తీసి ఫోన్లో పెట్టడం ఒక్కటే వాడి వ్యసనం. ఒకదాని తర్వాత ఒకటి సంబంధాలు వచ్చి, వచ్చిన దారినే దిగిపోయాయి. వాడు పైకి నవ్వుతూనే ఉన్నా అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉండేవాడు. తనకింక పెళ్ళి కాదని స్నేహితులతో అన్నాడట. అట్లాంటప్పుడు ఒక మంచి సంబంధం తగిలింది. మద్దికెర పక్క పల్లె. వాళ్ళు కూడా ఒకప్పుడు మగ్గం నేసినవాళ్ళే, ఇప్పుడు సేద్యం. పిల్ల ఎమ్మిగనూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. మా వాడి ఫోటో చూసి సరేనంది. ఇంక ఇల్లు చూడడమే మిగిలింది. ఇది కూడా దిగిపోతే మా వాడు ఇంకొకసారి ఎవరికీ ఇల్లు చూపించడని నాకు తెలుసు.

ముందురోజు సాయంత్రం బీబమ్మ వచ్చింది, చంకన బిందెతో. ఆమె వెనక ఇంకో నలుగురు. ఇళ్ళలో ఉన్న చివరి బిందెలు అవి.

"ఎట్లన్నా సేసి నీ ఇల్లు నింపుతాం. నువ్వు దిగులు పెట్టుకోవద్దు" అంది.

వాళ్ళ మంచితనానికి నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటు మా నాయన ముఖమూ గుర్తొచ్చింది. ఇంకొక తండ్రి సంతోషంగా ఇంటికి పోయి, నా బిడ్డ సుఖపడుతుందని చెప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

"వద్దు బీబమ్మా. ఎట్లుండాదో అట్లే సూపిస్తా" అన్నాను.

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. మా వాడు "అమ్మా, ఈ ఒక్కసారికి!" అని బతిమాలాడు. మా ఆయన అటు తిరిగి కూర్చుని నాతో మాట్లాడడం మానేశాడు. అది నాకు పెద్ద శిక్షేమీ కాదు.

మరునాడు పిల్ల, తల్లి, తండ్రి, మేనమామ, నలుగురూ వచ్చారు. ఆటో దిగి ఆర్చి కింద నుంచి నడిచి వచ్చారు. మేనమామ సిమెంటు కొంగల దగ్గర నిలబడి ఫోటో దిగి మరీ వచ్చాడు. అందరికీ ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు పెట్టాను. తిన్నారు, బాగుందన్నారు. టీ గ్లాసులు ఇస్తూ, పిల్ల తండ్రి ముందు నిలబడి చెప్పేశాను.

"అన్నా, ఒక మాట ముందే సెప్తా. ఈ ఇంటికి నీళ్ళు లేవు. కింద మలుపు నుంచి మోసుకోవల్ల. వచ్చే పిల్లకు కష్టమే."

ఆయన టీ తాగుతూ నవ్వాడు. "ఊరుకోక్కా! ఇంత బంగారట్లా రోడ్డేసినోళ్ళు కొళాయి ఎయ్యకుండా ఉంటారా?"

"ఎయ్యలేదన్నా."

"ఆ కొంగలు నీళ్ళు సిమ్మేది నేను సూసినా కదా. మీ వాడే ఫోన్లో పెట్టినాడు."

నేను మా వాడి వైపు చూశాను. వాడు నేల చూశాడు. వీడియోలో కొంగల నోట్లోంచి నీళ్ళు వచ్చేట్టు ఫోన్లోనే ఏదో కలిపాడట. నేను గడపలో నిజం చెప్తుంటే నా కడుపున పుట్టినవాడు ఫోన్లో ఊరంతటికీ రోడ్డు నింపేశాడు.

"అవి ఉత్త కొంగలన్నా. సుక్క నీళ్ళు రావు" అన్నాను.

అప్పటిదాకా బజ్జీల మీద ఉన్న మేనమామ తలెత్తాడు. "ఏమక్కా, మా పిల్ల నచ్చలేదా? ఇష్టం లేకుంటే నేరుగా సెప్పు. నడిమద్దెన నీళ్ళ మీద పెడతావేంది?"

"అయ్యో, ఆమె సుమ్మనే, తమాషాకు అంటాంది అన్నా! నీళ్ళకేం కొదవ!" అని మా ఆయన గబగబా అందుకున్నాడు.

పిల్ల తల్లి కొంగు సర్దుకుని లేవబోయింది. మా రోడ్డు చరిత్రలో మొట్టమొదటిసారి ఒకరు నిజం చెప్తే అది అబద్ధమైపోయింది. ఎన్నేళ్ళుగా అబద్ధాలు చెప్పామో, అన్నిటినీ నమ్మారు. నా నోటితో నేనే నా బిడ్డ సంబంధం చెడగొట్టుకున్నాననుకున్నాను.

అప్పుడు పిల్ల లేచింది. ఎవరినీ అడగకుండా నేరుగా దొడ్లోకి పోయింది. డ్రమ్ము మూత తీసిన చప్పుడైంది. తిరిగి వచ్చి కూర్చుంది.

"లేవు నాయనా. డ్రమ్ము అడుగు కనపడతాంది. ఆమె సెప్పేది నిజమే" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "అత్తా, కింద నుంచి నీళ్ళు ఎవరు మోస్తారు?"

"నేనే."

"ఇంకెవరు?"

"ఇంకెవరుండారు? మీ మామకు నడుము నొప్పి." మా ఆయన నడుము పేకాట దగ్గర మాత్రం పొద్దుపోయేదాకా నిలబడుతుందన్న సంగతి కొత్త చుట్టాల ముందు చెప్పలేదు.

పిల్ల మా వాడిని చూసింది. "నీకు?"

"నాకేం నొప్పి లేదు" అన్నాడు వాడు, ఫోను జేబులో పెట్టుకుంటూ.

"నాకు నీ పని సరే, నీ ఇల్లు సరే. నేను ఆసుపత్రిలో డ్యూటీ సేసి, బస్సులో నిలబడి వస్తా. వచ్చి బిందె ఎత్తను. నువ్వు మోస్తానంటే సెప్పు, ఈ పొద్దే తాంబూలాలు పుచ్చుకుందాం. లేదంటే బస్సుకు పోతాం."

"మగోడు బిందె ఎత్తుకునేదా! రోడ్డులో ఎవురన్నా సూస్తే ఏమనుకుంటారు?" అన్నాడు మా ఆయన. పిల్ల తండ్రీ, మేనమామా అవునన్నట్టు తలూపారు. వచ్చిన ఇద్దరు మగవాళ్ళూ, మా ఆయనా మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చారు.

"మోస్తా" అన్నాడు మా వాడు.

ఒక్క క్షణం ఆలోచించలేదు. నీళ్ళు నమలలేదు. మోస్తా, అంతే. పిల్ల తల్లి ముఖం విచ్చుకుంది, తండ్రి "ఇంకేమి మరి" అన్నాడు. సంబంధం కుదిరిపోయింది. నేను సంతోషించాలి. సంతోషించాను కూడా, ఒక గుటక మింగేంత సేపు. ఆ తర్వాత నాకు వచ్చిన కోపం నా జన్మలో ఎప్పుడూ రాలేదు. వీడు పుట్టకముందు నుంచి మోస్తున్నాను. వీడు కడుపులో ఉండగా మోశాను. వీడు మీసాలొచ్చాక, గడపలో కూర్చుని ఫోను చూసుకుంటూ, నేను ఆయాసపడుతూ వస్తుంటే కాళ్ళు పక్కకు జరిపి నాకు దారి ఇచ్చేవాడు. వాళ్ళవ్వ తుంటి విరిగిన మరునాడు కూడా నేనే దిగాను. వాడికి మోయడం వచ్చునని, అడిగితే మోస్తాడని నాకు ఎవరూ చెప్పలేదు. నిన్న మొన్న ఫోటోలో చూసిన పిల్ల ఒక్క మాట అనగానే వాడికి మోయడం వచ్చేసింది.

నేను వంటింట్లోకి పోయి రెండు ఖాళీ బిందెలు తెచ్చి వాడి ముందు పెట్టాను.

"పెండ్లయినాక మోస్తాలేమ్మా" అన్నాడు నవ్వుతూ.

"తాంబూలం పుచ్చుకునే ముందు వాళ్ళు సేతులు కడుక్కోవల్ల. నీళ్ళు లేవు. పో."

వాడు నన్ను చూశాడు, పిల్లను చూశాడు. పిల్ల వద్దనలేదు. ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకుని, రెండు బిందెలు తీసుకుని వాకిలి దాటాడు. మా ఆయన చటుక్కున లేచి, రోడ్డు మీదివాళ్ళకు మా ఇల్లు కనపడకుండా తలుపు మూసేశాడు.

నేను పోయి తలుపు తీశాను.